నిమ్మకాయకు చోటు లేని పార్కింగు

నాలుగంగుళాల ఎత్తున్న రబ్బరు దిమ్మ ఒక మనిషి పరువును ఎంత లోతుకు తొక్కగలదో మీకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. నాయుడుపేట దాటాక హైవే పక్కన, ఒక శుక్రవారం ఉదయం, ఆరు కొత్త కార్ల ముందు, అరవై మంది చుట్టపక్కాల సమక్షంలో నేను ఆ చదువు పూర్తి చేశాను. ఆ సంగతి ఎత్తితే మా ఆవిడ ఇప్పటికీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. మీరు కూడా ఏదో ఒకటి అందుబాటులో ఉంచుకుని చదవండి.

ఇది ఆరేళ్ల కిందటి మాట. అప్పటికి నేను తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లుగా సూపర్‌వైజరుగా చేస్తున్నాను. ఒక రోజు క్యాంటీనులో సాంబారన్నం తింటూండగా నాకు హఠాత్తుగా జ్ఞానోదయమైంది. జిల్లాలో కార్లు పెరుగుతున్నాయి, వాటిని సరిగ్గా ఆపేవాళ్లు పెరగడం లేదు, కాబట్టి ఆపించేవాడికి తిరుగుండదు. అన్నం సగంలో వదిలేసి లేచి రాజీనామా రాసిచ్చాను. పార్కింగు స్థలాలకు గీతలు గీయడం, వీల్ స్టాపర్లు బిగించడం నా కొత్త వృత్తి.

వీల్ స్టాపరంటే ఏమిటో తెలియని వాళ్లకు ఒక మాట. పెద్ద ఆసుపత్రుల ముందు, హోటళ్ల ముందు, కారు నిలిపే గడి చివర నేలమీద పసుపూ నలుపూ చారలతో అడ్డంగా పడుకుని ఉంటుందే, ఆ దిమ్మ. చక్రం పోయి దానికి తగులుతుంది, కారు ఆగుతుంది. డ్రైవరు ఫోన్లో మాట్లాడుతున్నా సరే, ఎదుట ఉన్న గోడ బతికిపోతుంది.

మా ఆవిడ సుజాతకు ఈ జ్ఞానోదయం ఏమాత్రం నచ్చలేదు. మూడు నెలలు ఓపిక పట్టింది. ఆ మూడు నెలల్లో నాకు దొరికిన పని ఒక డాక్టరుగారి ఇంటి ముందు 'నో పార్కింగ్' అని రాయడం ఒక్కటే, అందులోనూ ఒక అక్షరం వంకరపోయింది. తర్వాత రమణయ్యగారి షోరూం పని వచ్చిందని నేను గెంతుకుంటూ ఇంటికి వస్తే, ఆమె నిదానంగా తీర్పు చెప్పింది.

"ఈ పని ఒక్కటి చూస్తా. బాగా జరిగిందా, మీ ఇష్టం. జరగలేదా, సోమవారం పొద్దున అయిదున్నర బస్సెక్కి తడకు పోండి. మీ సీటు ఇంకా ఖాళీగానే ఉండాదంట, కనుక్కున్నా."

అంటే నా బతుకంతా ఆ ఒక్క పార్కింగు మీద ఆధారపడి ఉందన్నమాట. ఈ విషయం గుర్తు పెట్టుకోండి, నేనైతే ఆ రోజుల్లో నిద్రలో కూడా మర్చిపోలేదు.

రమణయ్యగారు ఊళ్లో చిన్న కొట్టులాంటి షోరూంలో పదేళ్లు కార్లు అమ్మి, హైవే మీదకు మారారు. కొత్త షోరూమంతా అద్దాల గోడ. బయట నుంచి చూస్తే పెళ్లికూతురి అలంకారం, లోపల నుంచి చూస్తే హైవే మీద లారీలు. ఒక రోజు లారీ నుంచి దించిన కారును డ్రైవరు తీసుకొచ్చి అద్దానికి జానెడు దూరంలో ఆపాడు. ఆపాడో, అదే ఆగిందో ఇప్పటికీ తేలలేదు. ఆ జానెడు దూరమే నాకు మొదటి కాంట్రాక్టు తెచ్చిపెట్టింది.

గుండ్రాళ్లు తెచ్చి వరసగా పేర్చి సున్నం కొడితే చాలదా అని ఆయన అడిగారు. నేను జాలిగా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. తర్వాత అరగంట పాటు ఉపన్యాసం. సిమెంటు దిమ్మ పగిలితే లోపలి చువ్వ బయటికొచ్చి టైరు కోస్తుందని, ప్లాస్టిక్ దిమ్మ మన ఎండలకు రెండు వేసవులు కూడా నిలవదని, రబ్బరు మాత్రం చక్రాన్ని అమ్మలా ఆపుతుందని చెప్పాను. ఆయన ఆవులిస్తూ సరేనన్నారు. శుక్రవారం మంచి రోజు, కొత్త షోరూంలో మొదటిసారి ఆరు కార్లు డెలివరీ ఇస్తున్నాను, అప్పటికల్లా తయారుగా ఉండాలి, ఏదైనా అనుమానముంటే నన్నడుగు అన్నారు. అనుమానం అనే మాట నా డిక్షనరీలో లేదన్నట్టు ఛాతీ విరిచి నిలబడ్డాను.

డ్రిల్లు పనికి పెంచలయ్య వచ్చాడు. నాయుడుపేటలో సగం గోడలకు రంధ్రాలు పెట్టిన అనుభవం అతనిది. మామూలు బోల్టులు వేద్దాం, రేపు తీయాల్సొస్తే తీసుకోవచ్చు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రంధ్రంలో జిగురు మందు పోసి, అందులో బోల్టు దించాలి. అది గడ్డకట్టిందంటే నేలా బోల్టూ ఒకటే వస్తువు.

"ఏనుగొచ్చి లాగినా రాదు పెంచలయ్యా" అన్నాను.

"ఏనుగు కారు కొనేదానికి వస్తాదా అన్నా?" అన్నాడు పెంచలయ్య, డ్రిల్లు బిట్టు మారుస్తూ.

ఇంకాసేపటికి మళ్లీ ఏదో అడగబోయాడు. ఈడ కార్లకు పూజ జేస్తారు గదన్నా అని మొదలుపెట్టాడు. పూజ కారుకు గానీ నేలకు కాదు, నువ్వు నేల సంగతి చూడు అని నోరు మూయించాను. నోరు మూసుకోవాల్సింది ఎవరో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

నా తరఫున ఒక్క మాట చెప్పుకోనివ్వండి. మేము క్రైస్తవులం. మా ఇంట్లో ఏ బండి కొన్నా పాస్టరుగారు వచ్చి దాని మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తారు. నా స్కూటరుకు ఎండలో నిలబడి ఎంత సుదీర్ఘంగా చేశారంటే, ఆమెన్ అన్నాక నేను సీటు మీద కూర్చుని మళ్లీ దేవుణ్ణి పిలిచాను, అంతగా కాలింది. ఆ ప్రార్థనకు బండి ముందుకు పోనక్కర్లేదు, వెనక్కి పోనక్కర్లేదు, నిలబడి వింటే చాలు. నిమ్మకాయలంటే నాకు తెలియదని కాదు, ఈ ఊళ్లో పుట్టినవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది. కానీ టేపు పట్టుకుని నేల కొలిచేటప్పుడు నా తలలో నిమ్మకాయ లేదు. ముందు చక్రం నుంచి కారు ముక్కు ఎంత ముందుకొస్తుంది, ముక్కుకూ అద్దానికీ మధ్య ఎంత ఉండాలి, ఇదే ధ్యాస.

గురువారం సాయంత్రానికి పని పూర్తయింది. షోరూం డ్రైవర్లను పిలిచి ఆరు కార్లనూ అద్దాల గోడ వైపు, అంటే తూర్పు ముఖంగా, చక్రాలు దిమ్మలకు ఆనేలా పెట్టించాను. ముక్కులన్నీ ఒకే వరసలో ఉన్నాయా లేదా అని దారం పట్టి మరీ చూశాను. స్కూలు పిల్లల ప్రేయరు లైను కూడా అంత తిన్నగా ఉండదు. ఫొటో తీసి సుజాతకు పంపిస్తే, చూశాను, సోమవారం దాకా ఆగుదాం అని జవాబు వచ్చింది.

శుక్రవారం తొమ్మిదిన్నరకల్లా ఆరు కుటుంబాలు దిగాయి. మొదటి కారు కామాక్షమ్మగారిది. చెరువు కింద ఊళ్లో ముప్పై ఎకరాల వరి ఆమె చెప్పుచేతల్లో ఉంటుంది, ఆమె భర్త కూడా అందులో భాగమే. ఆయన ఈ కారు కోసమే కొత్తగా డ్రైవింగు నేర్చుకున్నారు. చివరి కారు పోలయ్యది. సముద్రం ఒడ్డున పల్లె, సొంత పడవ, చేపల వ్యాపారం. అన్నదమ్ములు, బావమరుదులు, వాళ్ల పిల్లలు కలిసి పద్దెనిమిది మంది మగవాళ్లు రెండు వ్యాన్లలో వచ్చారు. నేను కొత్త చొక్కా వేసుకుని, ఎవరైనా దిమ్మల గురించి అడుగుతారేమోనని అక్కడక్కడే తిరుగుతున్నాను.

పదిన్నరకు రాహుకాలం, ఈలోపే అన్నీ అయిపోవాలని చెబుతూ పంతులుగారు వచ్చారు. సంచిలో లెక్కగా ఇరవై నాలుగు నిమ్మకాయలు, కారుకు నాలుగు. మొదటి కారు దగ్గర వంగి చక్రం చూశారు. దిమ్మ చూశారు. రెండో కారు దగ్గరికి పోయి చూశారు. అలా ఆరో కారు దాకా పోయి, తిరిగి మొదటి కారు దగ్గరికే వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకున్నారు.

"వీటిని పెట్టినది ఎవురు?"

మెచ్చుకుంటారనుకున్నాను. ఒక అడుగు ముందుకేసి, "నేనేనండీ" అన్నాను.

"బాగుండాయి. ఇప్పుడు నిమ్మకాయ యాడ పెట్టేది?"

చక్రం ముందు పెట్టండి అనబోయి ఆగాను. చక్రం ముందు నా దిమ్మ ఉంది. కాగితం దూర్చడానికి కూడా సందు లేదు, అంత బాగా ఆనించాను మరి.

"పోనీ ఒక అడుగు వెనక్కి తీస్తే సరిపోతుంది కదండీ" అన్నాను.

అరవై మంది ఒక్కసారి నా వైపు తిరిగారు. కామాక్షమ్మగారు నన్ను పై నుంచి కింది దాకా చూశారు.

"కొత్త బండి మొదటి అడుగు వెనక్కా?"

ఇక్కడ నోరు మూసుకుని ఉంటే నా బతుకు వేరేలా ఉండేది. కానీ నాలో సూపర్‌వైజరు మేల్కొన్నాడు. అమ్మా, ఈ కారు ఫ్యాక్టరీలో వెనక్కి పోయే ఉంటుంది, లారీ ఎక్కేటప్పుడు పోయి ఉంటుంది, దిగేటప్పుడు పోయి ఉంటుంది, నిన్న సాయంత్రం వరస సరిచేయడానికి నేనే నాలుగుసార్లు ముందుకూ వెనక్కీ తిప్పించాను అని వివరంగా చెప్పాను. ఎంత వివరంగా చెప్పానంటే, ఆరు కుటుంబాలూ రమణయ్యగారి వైపు తిరిగి, మాకు వాడిన బండ్లు అంటగడతా ఉండారా అని అడగడం మొదలుపెట్టాయి. ఒకాయన లోపల ఎన్ని కిలోమీటర్లు చూపిస్తోందో చూడమని కొడుకును పంపించాడు. రమణయ్యగారి ముఖంలో నెత్తురు లేదు.

కామాక్షమ్మగారు చెయ్యెత్తి అందరినీ ఆపారు.

"అప్పుడది కంపెనీ బండి, యాడికన్నా పోనీ. తాళం నా చేతికొచ్చినాక నా బండి. నా బండి వెనక్కి పోదు."

దానికి అప్పీలు లేదని అక్కడున్న అందరికీ అర్థమైంది. దిమ్మ ఎక్కించి ముందుకు పోనిద్దామని ఎవరో అన్నారు. అటుపక్క కారు ముక్కుకు రెండడుగుల్లో అద్దం ఉందని గుర్తొచ్చి రమణయ్యగారు గుండె పట్టుకున్నారు. దిమ్మలు పీకించెయ్ దానియేలూ అన్నారు నాతో. పెంచలయ్య గడ్డపార తెచ్చాడు. బోల్టు దగ్గర పెట్టి ఎత్తాడు. ఇంకొకతను సాయం పట్టాడు. గడ్డపార కొద్దిగా వంగింది. దిమ్మ మాత్రం దేని గురించీ పట్టించుకోనట్టు పడుకునే ఉంది.

పెంచలయ్య చెమట తుడుచుకుని, "ఏనుగు కోసం మనిషిని పంపమంటావా అన్నా?" అని అడిగాడు.

టైము పది దాటింది. మళ్లీ ఇంత మంచి ముహూర్తం పదిహేను రోజుల దాకా లేదన్నారు పంతులుగారు. డబ్బు కట్టి, చుట్టాలను వెంటేసుకొచ్చి, ఉత్త చేతులతో పోవాలా అని జనం గొణగడం మొదలైంది. రమణయ్యగారు ఆరు కుటుంబాల ముందూ చేతులు జోడిస్తూ తిరుగుతున్నారు. నాకు నిజంగా భయమేసింది. ఆయనకు కొత్త షోరూంలో మొదటి రోజు, నాకు మొదటి పని, రెండూ నా తెలివితేటల వల్లే మునుగుతున్నాయి. అయిదున్నర బస్సులో కిటికీ పక్క సీటు, తొడ మీద టిఫిను డబ్బా, అన్నీ కళ్ల ముందు కనబడ్డాయి. కళ్లలో నీళ్లు తిరిగితే ఎండ వల్ల అన్నట్టు తుడుచుకున్నాను.

ఇంతసేపూ పోలయ్య తన కారు పక్కన గొంతుక్కూర్చుని చక్రాలకేసే చూస్తున్నాడు. ఇప్పుడు లేచి వచ్చి పంతులుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సామీ, చక్రం తిరక్కుండా బండి వెనక్కి జరిగితే, అది వెనక్కి పోయినట్టా కాదా?"

పంతులుగారు ఆలోచించారు. గడియారం చూసుకుని ఇంకొంచెం వేగంగా ఆలోచించారు.

"చక్రం తిరిగితేనే నడక. చంకనెత్తుకుని పోయిన బిడ్డ నడిచినట్టు కాదు గదా."

"అట్టయితే మేము ఎత్తి పెడతాం సామీ. రోజూ పడవను ఇసకలో ఎత్తి పెట్టేవోళ్లం. ఇదెంత."

కామాక్షమ్మగారు పోలయ్యను మొదటిసారి చూసినట్టు చూశారు. తర్వాత కొంగు నడుముకు దోపి, తన తరఫు మగవాళ్లందరినీ పేరు పేరునా పిలిచి కారు చుట్టూ నిలబెట్టారు. ఆమె భర్త కూడా వచ్చి నిలబడబోతే, మీరు స్టీరింగు దగ్గరుండండి, నడుం పట్టేస్తాది అని పంపించేశారు.

ఆ తర్వాత జరిగింది చూసినవాళ్లు అదృష్టవంతులు. పద్దెనిమిది మంది పడవ మనుషులు, పదిమంది పొలం మనుషులు కారు చుట్టూ వంగారు. బంపరు పట్టుకోవద్దు నాయనలారా, తలుపు కింద పట్టుకోండి అని రమణయ్యగారు వరస చుట్టూ పరుగెత్తుతున్నారు. పోలయ్య గొంతెత్తి ఐలసా అన్నాడు. అందరూ ఐలసా అన్నారు. సముద్రం అక్కడికి ముప్పై కిలోమీటర్లు, అయినా ఒక్క క్షణం అలల చప్పుడు వినిపించినట్టయింది నాకు. కారు తమలపాకులా లేచింది, అడుగున్నర వెనక్కి పోయి మెల్లగా దిగింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. పిల్లలు మళ్లీ ఎత్తమన్నారు.

నేనూ ఒక చెయ్యి వేద్దామని పోయాను. పోలయ్య నా భుజం పట్టి పక్కకు జరిపి, "నువ్వొద్దులే అన్నా. నువ్వు చెయ్యి పెడితే ఆడే అతుక్కుపోతాది" అన్నాడు. పంతులుగారు నా చేతిలో నిమ్మకాయల సంచి పెట్టారు. ఆ రోజు నా స్థాయి అదీ.

పదీ ఇరవైకల్లా ఆరు కార్లూ దిమ్మలకు దూరంగా జరిగాయి. చక్రాల కింద నిమ్మకాయలు చేరాయి. కొబ్బరికాయలు, హారతి, కుంకుమ బొట్లు అన్నీ వేగంగా అయ్యాయి. కామాక్షమ్మగారి భర్త స్టీరింగు వెనక కూర్చుని ఆమె వైపు చూశారు. ఆమె కానివ్వమన్నట్టు తల ఊపారు. ఆయనకు ముప్పై ఏళ్ల సంసారంలో ఆమె ఒక పని అప్పగించి, మధ్యలో తిరిగి తీసుకోకపోవడం అదే మొదటిసారేమో, ఆ ఆనందంలో కాలు కాస్త గట్టిగా పడింది.

కారు ఎగిరింది. నాలుగు నిమ్మకాయలూ ఒకేసారి పగిలి రసం నా కొత్త చొక్కా మీదకొచ్చింది. రమణయ్యగారు కళ్లు మూసుకున్నారు. చక్రం దిమ్మను దబ్బున గుద్దింది, కారు ఒకసారి ఊగింది, అక్కడే ఆగింది. ముక్కుకూ అద్దానికీ మధ్య నేను టేపు పట్టి కొలిచిన దూరం అలాగే ఉంది.

రమణయ్యగారు ఒక కన్ను తెరిచారు, తర్వాత రెండోది. వెళ్లి అద్దం తడిమారు. వంగి దిమ్మను పట్టుకుని ఊపి చూశారు.

"ఇది కదల్లేదు దానియేలూ."

"కదలదండీ" అన్నాను, నిమ్మరసం కళ్లలో పడి ఏడుస్తూ. మొత్తం నిమ్మరసం వల్లే అని మాత్రం చెప్పలేను.

మిగిలిన అయిదు కార్లూ మర్యాదగా ముందుకు జరిగాయి. పదీ ఇరవై తొమ్మిదికి పోలయ్య కారు కింద చివరి నిమ్మకాయ నలిగింది. ఆ సాయంత్రం రమణయ్యగారు నెల్లూరులో తన ఇంకో రెండు స్థలాల పని కూడా నాకే ఇచ్చారు, అయితే ఈసారి అనుమానాలు తెచ్చుకుని మరీ రమ్మన్నారు. నేను ఇంటికి చేరేలోపే ఎవరో తీసిన వీడియో సుజాత ఫోనుకు చేరింది. ఆమె నిమ్మరసం ఎండిన నా చొక్కా చూసి, గుమ్మంలోనే కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ఫ్యాక్టరీకి ఫోన్ చేసి ఆ సీటు ఎవరికైనా ఇచ్చుకోమని చెప్పింది. పెళ్లయిన రోజు కూడా నేను అంత సంతోషపడి ఉండను, ఈ మాట ఆమెకు చెప్పకండి.

మర్నాడే వెళ్లి, ప్రతి గడిలో దిమ్మకు రెండడుగుల ఇవతల ఒక తెల్ల గీత గీశాను. డెలివరీ కార్లు ఆ గీత దగ్గరే ఆపాలి, అప్పుడు నిమ్మకాయకు కావాల్సినంత చోటు. సమస్య పరిష్కారమైందని చేతులు దులుపుకున్నాను.

పదిహేను రోజుల తర్వాత రమణయ్యగారు అర్జంటుగా రమ్మన్నారు. వెళ్లేసరికి ఒక పెద్దాయన తెల్ల గీత దగ్గర నిలబెట్టిన తన కొత్త కారు పక్కన అలిగి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"మా వియ్యంకుడి బండిని ఇరవై ఎనిమిది మంది ఎత్తి పెట్టినారంట, వీడియో చూసినా. మాది మాత్రం ఊరికినే నేల మీద నిలబెడతారా? మేమేం తక్కువోళ్లమా?"

రమణయ్యగారు నా వైపు చూశారు. ఈ పద్ధతి పెట్టింది నువ్వే గదా అన్నారు. అంతే, ఆరేళ్లుగా ఆ షోరూంలో కొత్త కారును ముందు దిమ్మకు ఆనిస్తారు, తర్వాత ఎత్తి వెనక పెడతారు, ఆ తర్వాతే నిమ్మకాయ. ఎత్తకపోతే అపశకునమని కూడా ఈమధ్య చెప్పుకుంటున్నారు. పోలయ్య మనుషులు ఒడ్డున ఉంటే వాళ్లు వస్తారు. చేపల వేటకు పోతే, వచ్చి ఎత్తమని ఫోన్ నాకు వస్తుంది.

కాబట్టి నెల్లూరు జిల్లాలోని సమస్త పార్కింగు స్థలాల సాక్షిగా, నా నడుముకు డాక్టరు కట్టించిన బెల్టు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ చోట ఏ కాయ పెడతారు, ఏ కాయ కొడతారు, కొట్టాక బండి ఏ దిక్కుకు పోతుంది అని ఊరందరినీ అడిగి తెలుసుకోకుండా ఏ నేలలోనూ డ్రిల్లు దించను. ఈ ప్రమాణం నిలబడి చేద్దామనే అనుకున్నాను. నిన్న రెండు ముహూర్తాలున్నాయి, అందుకని పడుకునే చేస్తున్నాను.